ఓడ వంటవాడి జవాబులు: యాపిల్ బజ్జీకి ఊట గండం

కిందటి సంచికలో కందిపొడి గురించి రాస్తూ మాటల మధ్యలో ఒక్క వాక్యం జారవిడిచాను. ఓడలో పనిచేసే రోజుల్లో ఆదివారం సాయంత్రం నేను యాపిల్ ఫ్రిట్టర్లు వేస్తే, రాత్రి డ్యూటీ చేసి పడుకున్నవాళ్లు కూడా నిద్ర మానుకుని లేచి వచ్చేవాళ్లని. కందిపొడి గురించి ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. యాపిల్ ఫ్రిట్టర్ల ఉత్తరాలు మాత్రం కట్టలుగా వచ్చాయి. సగం మంది ఎలా చేయాలని అడిగారు. మిగతా సగం ఎవరో చెబితే విని చేసి, చెడగొట్టుకుని, ఆ కోపం నా మీద చూపించారు. విశాఖపట్నం చినవాల్తేరులో మా వరండాలో కూర్చుని అన్నీ చదివాను. ఒక్కొక్కరి వంట ఒక్కో తీరుగా చెడింది కానీ, చెడగొట్టింది మాత్రం దాదాపు అన్నిట్లోనూ నీరే. యాపిల్‌లో నూటికి 85 పాళ్లు నీరు. దాన్ని తీసుకెళ్లి కాగే నూనెలో వేస్తున్నామన్న సంగతి మరిచిపోతే ఎవరికైనా ఇంతే.

ప్రశ్న: బాబాయి గారూ, అసలు ఫ్రిట్టర్ అంటే ఏమిటి? మా వారు "యాపిల్ బజ్జీ అని చెప్పొచ్చుగా" అని వెక్కిరిస్తున్నారు. కొలతలతో సహా చెప్పండి. చెంచాడు, గుప్పెడు అంటే నాకు అర్థం కాదు. (సీతమ్మధార నుంచి ఒక పాఠకురాలు)

అమ్మా, మీ వారు వెక్కిరించినా నిజమే చెప్పారు. ముక్కను పిండిలో ముంచి నూనెలో వేస్తే అది బజ్జీయే. అరటికాయదైతే మనది, యాపిల్‌దైతే వాళ్లది. లాటిన్‌లో వేయించడం అనే క్రియ నుంచే ఫ్రిట్టర్ అన్న మాట పుట్టింది కాబట్టి పేరులోనూ గొప్పేమీ లేదు. కాకపోతే ఆ ఒక్క పేరుతో మూడు రకాలు తిరుగుతున్నాయి. యాపిల్‌ను చక్రాలుగా కోసి పిండిలో ముంచి వేసేది ఒకటి. చిన్న ముక్కలు తరిగి, చిక్కటి పిండిలో కలిపి పునుగుల్లా వేసేది రెండోది. ఈస్టుతో పులిసిన పిండిలో వండిన యాపిల్ ముక్కలు కలిపి, వేయించి, పైన పంచదార పూత పోసేది మూడోది. మూడో దాని సంగతి మధురవాడ అబ్బాయికి చెబుతాను, మీకు మొదటిది చాలు.

నేను దాన్ని మొదట చూసింది రోటర్‌డ్యామ్ రేవులో, ఒక డిసెంబరు 31 సాయంత్రం. నూనెలో వేగినవి తినకపోతే డచ్చివాళ్లకు కొత్త సంవత్సరం వచ్చినట్టుండదు. ఓలీబొల్లెన్ అని ఎండుద్రాక్ష వేసిన ఉండలు చేస్తారు, ఆ పేరుకు అర్థమే నూనె ఉండలు. వాటి పక్కనే యాపిల్ చక్రాలు. చలికి చెవులు మొద్దుబారిపోయి, తినడానికి కాదు, నూనె సెగ తగులుతుందని ఆ బండి దగ్గర నిలబడ్డాను. బండి నడిపే పెద్దావిడ యాపిల్ నడుమ ఒక గొట్టం గుచ్చి, ఒక్క తిప్పుతో గింజల భాగం లాగేసింది. చక్రాలు కోసింది. తర్వాత ప్రతి చక్రాన్నీ మడతపెట్టిన గుడ్డ మీద ఒకసారి ఇటు, ఒకసారి అటు అద్దింది. వరసలో ఇరవై మంది నిలబడి ఉన్నారు, అయినా ఆవిడ అద్దడం మానలేదు. నాకు చాదస్తంలా తోచింది. మర్నాడు గ్యాలీలో, అంటే ఓడ వంటింట్లో, అద్దకుండా వేసి చూశాను. పిండి ఒకచోట, యాపిల్ ఒకచోట తేలాయి. ఇప్పుడు ఈ వంట ఎవరికి చెప్పినా ముందు ఆ గుడ్డ సంగతి చెబుతాను.

నలుగురికి కొలత: యాపిల్స్ మధ్యరకానివి 2, మైదా 120 గ్రాములు, బియ్యప్పిండి 20 గ్రాములు, పంచదార 1 టేబుల్ చెంచా, బేకింగ్ పౌడరు 1 టీ చెంచా, దాల్చినచెక్క పొడి అర టీ చెంచా, ఉప్పు పావు టీ చెంచా, గుడ్డు 1, పాలు 100 మి.లీ. గుడ్డు తినని ఇల్లయితే పాలు 150 మి.లీ. పోసి, ఒక టీ చెంచా నూనె కలపండి. పొడివన్నీ ముందు కలిపి, తడివి పోసి, గరిటతో పది పదిహేను సార్లు తిప్పి ఆపేయండి. చిన్న చిన్న ఉండలు మిగిలినా ఫర్వాలేదు. ఎక్కువ కలిపితే మైదా జిగురు సాగి, బజ్జీ పూత తోలులా తయారవుతుంది. గరిట వెనక అంటిన పిండి మీద వేలితో గీత గీస్తే ఆ గీత పూడిపోకుండా నిలవాలి. అదే సరైన చిక్కదనం.

యాపిల్ తొక్క తీసి, 8 మిల్లీమీటర్ల మందాన చక్రాలు కోయండి. చిటికెన వేలి గోరు వెడల్పు దాదాపు అంతే ఉంటుంది. గుడ్డతో అద్ది, పొడి మైదాలో దొర్లించి, దులిపి, అప్పుడు పిండిలో ముంచండి. నూనె 175 డిగ్రీలు ఉండాలి. థర్మామీటరు లేకపోతే ఒక పిండి చుక్క వేయండి. అది కిందికి దిగి వెంటనే బుడగలతో పైకి లేస్తే సరే. అడుగునే కూర్చుంటే నూనె ఇంకా కాగలేదు. దిగకుండా పైనే గిరగిరా తిరిగి ఎర్రబడితే మంట తగ్గించండి. వాయికి నాలుగే వేయండి. ఆశపడి ఎనిమిది వేస్తే నూనె చల్లబడి, అవి వేగడం మాని నూనె తాగుతాయి. ఒక్కో వైపు రెండేసి నిమిషాలు వేగనిచ్చి, దించాక తినే ముందు మెత్తటి పంచదార పొడి జల్లండి.

ప్రశ్న: మాస్టారూ, యాపిల్ ముక్కలకు రుచి పట్టాలని పంచదార, దాల్చినచెక్క పొడి పట్టించి అరగంట నానబెట్టాను. నూనెలో వేయగానే పూత ఊడిపోయింది. కొన్న మైదాలో కల్తీ ఉందా? (గాజువాక నుంచి ఒక పాఠకురాలు)

మైదాను అనకండమ్మా, పాపం. మీ ఇంట్లో మాగాయ పెడతారు కదా? మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి మూత పెడితే మర్నాటికి ఏమవుతుంది? జాడీ అడుగున ఊట దిగుతుంది. ముక్కల్లోని నీటిని ఉప్పు బయటికి లాగుతుంది. పంచదార కూడా అదే పని చేస్తుంది, అరగంట చాలు. మీ గిన్నె అడుగున తియ్యటి నీళ్లు చేరి ఉంటాయి, చూసి ఉంటే కనబడేవి. ఆ నీళ్లతో తడిసి జారుతున్న ముక్కకు పిండి ఎలా పట్టుకుంటుంది? పట్టుకున్నట్టే కనబడి, నూనె వేడికి లోపలి తడి ఆవిరై ఉబ్బగానే విడిపోతుంది.

మాగాయకు ఊట మనకు కావాలి, అది పారబోయకుండా దానిలోనే ముక్కలు ఊరవేస్తాం. బజ్జీకి అదే ఊట శత్రువు. కాబట్టి తీపి, దాల్చినచెక్క పిండిలో వేయండి, లేకపోతే వేగాక పైన జల్లండి. ముక్క మీద మాత్రం వేయకండి. తీపి పిండిలో కూడా నేను చెప్పిన ఒక్క చెంచాకు మించితే పైపూత ముందే మాడి, లోపల పచ్చిగా ఉంటుంది.

మరి ముక్క నల్లబడుతుందే అంటారేమో. కోసిన యాపిల్‌కు గాలి తగిలితే రంగు మారుతుంది, దాంట్లోని ఒక ఎంజైము చేసే పని అది. రెండు చుక్కల నిమ్మరసం రాస్తే ఆగుతుంది. రాశాక మళ్లీ గుడ్డతో అద్దండి. ఎలాగూ పిండి కప్పేస్తుంది కనుక నేనైతే నిమ్మరసం రంగు కోసం కాదు, పులుపు కోసం రాస్తాను.

ప్రశ్న: అంకుల్, ఎర్రగా నిగనిగలాడే మంచి యాపిల్స్ కొన్నాను, చాలా ఖరీదు. వేయించాక లోపల గుజ్జు గుజ్జుగా అయింది. ఏ రకం కొనాలి? (ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక విద్యార్థిని)

నిగనిగ చూసి కొంటే ఇంతే తల్లీ. ఆ మెరుపులో మైనం పూత వాటా ఎంతో తొక్క తీస్తే గాని తెలియదు. నువ్వు కొన్నది పొడుగ్గా, అడుగున అయిదు బొడిపెలతో ఉండి ఉంటుంది. అది రెడ్ డెలీషియస్ రకం. మన బండ్ల మీద వాషింగ్టన్ అని అమ్మేది ఎక్కువగా అదే. పచ్చిగా తినడానికి తియ్యగా బాగుంటుంది. పులుపు తక్కువ, నిలవ ఉన్నకొద్దీ కండ పిండి పిండిగా మారుతుంది. అది వేడి తగిలితే కూలిపోతుంది.

వేయించడానికి గట్టిగా, కాస్త పుల్లగా ఉండే యాపిల్ కావాలి. ఆస్ట్రేలియాలో పుట్టిన ఆకుపచ్చ రకం, గ్రానీ స్మిత్, దీనికి పుట్టినట్టే ఉంటుంది. ధర చూసి వెనక్కి తగ్గితే జపాన్ వాళ్ల ఫూజీ తీసుకో. గట్టిగానే ఉంటుంది, పులుపు లేని లోటు నిమ్మరసం తీరుస్తుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో సిమ్లా నుంచి కొత్త కాపు వచ్చినప్పుడు జగదాంబ దగ్గర తోపుడు బండి మీదవి కూడా బాగుంటాయి, అప్పటికి అవి ఇంకా గట్టిగా ఉంటాయి కనుక. అదే సరుకు నెలల తరబడి శీతల గిడ్డంగిలో ఉండి వేసవిలో బయటికొస్తే నేను ముట్టుకోను. పరీక్ష తేలిక. ఒక చక్రం కోసి రెండు చేతులతో వంచు. టక్కున విరగాలి. వంగితే దాన్ని తినేసి, వేయించడానికి వేరేది చూడు. కొన్నాక బల్ల మీద అలంకారంగా పెట్టకు. మన ఊరి ఉక్కలో యాపిల్ వారానికే మెత్తబడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టు.

లంబసింగి, చింతపల్లి వైపు యాపిల్ మొక్కలు పెట్టి చూస్తున్నారని ఇదే ఉత్తరంలో రాశావు. నిజమే. అయితే మామూలు రకాలకు చలికాలంలో 7 డిగ్రీల లోపు చల్లదనం 800 నుంచి 1,000 గంటల దాకా కావాలి. అందుకే తక్కువ చలికి కాసే రకాలే అక్కడ ప్రయత్నిస్తున్నారు. మన కొండ మీద కాసిన యాపిల్‌ను మన బీచిలో కూర్చుని బజ్జీ వేసుకుని తినే రోజు వస్తే, మొదటి వాయి నేనే వేస్తాను.

ప్రశ్న: బాబాయి గారూ, ముక్క వేయగానే నూనె పేలి మా అమ్మాయి చేతి మీద పడింది. ఇంట్లో అందరూ నన్నే తిట్టారు. తప్పు ఎక్కడ జరిగింది? (అక్కయ్యపాలెం నుంచి ఒక గృహిణి)

ముందు చేతి సంగతి. ఇకముందు అలా జరిగితే కుళాయి కింద చల్లటి నీళ్లలో 20 నిమిషాలు పెట్టించండి. మంచు ముక్క వద్దు, టూత్‌పేస్టు వద్దు, పిండి వద్దు. బొబ్బ పెద్దదైతే ఆసుపత్రికి వెళ్లండి.

నీటి చుక్క ఆవిరైతే దాని పరిమాణం 1,600 రెట్లకు పైగా పెరుగుతుంది. కాగే నూనె అడుగున ఒక్క చుక్క అలా ఉబ్బితే పైనున్న నూనెను ఎగరగొట్టదా? కడిగిన ముక్క తుడవకుండా వేసినా, తడి గరిట ముంచినా, మూత మీది చెమట జారి పడినా అదే జరుగుతుంది. మూకుడు సగానికి మించి నూనె పోయకండి. ముక్కను పైనుంచి విసరకండి, నూనె అంచు దగ్గర మెల్లగా, మీకు అవతలి వైపుకు జారవిడవండి. భయపడి దూరం నుంచి వేసేవాళ్ల చేతులే ఎక్కువగా కాలతాయి, ముప్పై ఒక్క ఏళ్ల అనుభవంతో చెబుతున్నాను.

ఓడలో మాకు సముద్రం పొంగితే వేపుళ్లు బంద్. పొయ్యి చుట్టూ గిన్నెలు జారకుండా ఇనుప కమ్మీలు ఉంటాయి, కానీ అవి గిన్నెను ఆపుతాయి గాని నూనెను ఆపవు కదా. నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదని చేరిన మొదటి రోజే నేర్పారు. పొయ్యి ఆపు, మూత వేసి గాలి తగలనివ్వకు, మూకుడు కదపకు. ఇంట్లోనూ అంతే. మూకుడుకు సరిపోయే మూత పక్కన పెట్టుకోకుండా నేను ఇప్పటికీ నూనె కాచను.

ప్రశ్న: సర్, నేను ఆరేళ్లు అమెరికాలో ఉండి వచ్చాను. అక్కడ డోనట్ దుకాణంలో తిన్న యాపిల్ ఫ్రిట్టర్ అరచేయంత ఉండి, గతుకులు గతుకులుగా, పైన గాజులాంటి తీపి పూతతో ఉండేది. ఇంట్లో చేస్తే మిరపకాయ బజ్జీకి తమ్ముడిలా వచ్చింది. (మధురవాడ నుంచి ఒక కంప్యూటర్ ఉద్యోగి)

బాబూ, నువ్వు బజ్జీ పిండి కలిపి డోనట్ రావాలంటే ఎలా? అది మూడో రకం, సెలవు రోజు పని.

మైదా 250 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్టు 4 గ్రాములు, పంచదార 30 గ్రాములు, ఉప్పు ముప్పావు టీ చెంచా, గుడ్డు 1, గోరువెచ్చని పాలు 110 మి.లీ. కలిపి, చివర్లో మెత్తబడిన వెన్న 30 గ్రాములు వేసి పది నిమిషాలు బాగా మర్దించు. ఇక్కడ జిగురు సాగాలి, బజ్జీకి చెప్పిందానికి పూర్తిగా తలకిందులు. పిండి రెట్టింపు కావాలి. పుస్తకాల్లో రెండు గంటలు అని రాస్తారు, అవి చలి దేశాల పుస్తకాలు. మన మే నెలలో గంటకు ముందే పొంగి మూత ఎత్తేస్తుంది. గడియారం కాదు, గిన్నె చూడు.

ఈలోగా రెండు యాపిల్స్ చిన్న ముక్కలు చేసి, ఒక చెంచా వెన్న, మూడు చెంచాల పంచదార, దాల్చినచెక్క పొడితో బాణలిలో వండు. ముందు ఊట వస్తుంది. అది ఇగరాలి. ముక్కలు ఒకదానికొకటి అంటుకుని, బాణలి అడుగున గరిట గీసిన దారి పూడకుండా ఉండే దాకా ఇగరాలి. నీలాంటివాళ్లు ఇక్కడే తొందరపడతారు. తర్వాత పూర్తిగా చల్లార్చు. వేడిగా కలిపితే ఈస్టు చస్తుంది.

పిండిని చపాతీలా మందంగా ఒత్తి, ముక్కలు పరిచి, మీద ఒక చెంచా పొడి మైదా జల్లి, మడిచి, కత్తితో అడ్డంగా నిలువుగా నరుకు. అవును, నరుకు. చూస్తే అంతా పాడైపోయినట్టే ఉంటుంది. ఆ చిందరవందర పోగును చేతులతో దగ్గరకు తోసి, అరచేతి పరిమాణంలో ఆరేడు ముద్దలు చేసి, అరగంట ఉబ్బనిచ్చి, 175 డిగ్రీల నూనెలో ఒక్కో వైపు రెండేసి నిమిషాలు వేయించు. నీకు గుర్తున్న గతుకులు ఆ నరకడం వల్ల వచ్చినవే. ఆ సందుల్లోనే తీపి నిలుస్తుంది. 150 గ్రాముల పంచదార పొడిలో రెండు మూడు చెంచాల పాలు కలిపి, ఫ్రిట్టర్ వేడిగా ఉండగానే పైన పోయి. అది గాజులా గట్టిపడటం మాత్రం నా చేతిలో లేదు, సముద్రం చేతిలో ఉంది. వానాకాలంలో మన ఊళ్లో ఆ పూత ఎంతసేపటికీ ఆరదు, వేళ్లకు అంటుకుంటూనే ఉంటుంది. డిసెంబరు, జనవరిలో చేసి చూడు.

ప్రశ్న: అయ్యా, కరకరలాడుతూ దించినవి పది నిమిషాలకే మెత్తబడుతున్నాయి. మా ఇల్లు సముద్రానికి దగ్గర, అందుకేనా? (భీమిలి నుంచి ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు)

మాస్టారూ, సముద్రం వాటా కొంత ఉంది కానీ అంతా దాని మీద నెట్టలేం. వేడి యాపిల్ లోపల్నుంచి ఆవిరి వదులుతూనే ఉంటుంది. మీరు దించి ఎక్కడ పెడుతున్నారో రాయలేదు. హాట్ బాక్సులో పెట్టి మూత వేస్తే ఆ ఆవిరి మూతకు కొట్టుకుని చెమటగా మళ్లీ వాటి మీదే పడుతుంది. పళ్లెంలో పేరిస్తే అడుగు భాగం తడుస్తుంది. పిండి జల్లెడ బోర్లించి దాని మీద విడివిడిగా పెట్టండి. కింద నుంచి కూడా గాలి ఆడాలి.

దినపత్రిక మీద పెట్టవద్దు. అచ్చు సిరా వేడి నూనెతో ఆహారానికి అంటుతుందని ఆహార భద్రత సంస్థ 2016లోనే హెచ్చరించింది. పత్రికలో రాస్తూ ఈ మాట అనడం మా సంపాదకుడికి నచ్చకపోవచ్చు. కానీ పత్రిక చదవడానికి మాత్రమే.

మీ ఊరి గాలికి ఒక ఉపాయం ఉంది. బియ్యప్పిండి 20 గ్రాములకు బదులు 35 వేసి, మైదా అంత మేర తగ్గించండి. బియ్యప్పిండిలో జిగురు లేదు, పెళుసుగా వేగుతుంది. చుట్టాలు వచ్చే గంట ముందు లేత రంగులో వేయించి దించేయండి. వాళ్లు కూర్చున్నాక నూనె కాస్త ఎక్కువ కాచి, ఒక్క నిమిషం మళ్లీ వేయించండి. పైన చేరిన తడి రెండో సారి ఎగిరిపోతుంది. పంచదార వాళ్ల కళ్ల ముందు జల్లండి. ముందే జల్లితే మీ సముద్రపు గాలికి అది చెమర్చి పాకమవుతుంది.

ప్రశ్న: అన్నగారూ, అనకాపల్లిలో పుట్టి పంచదార పూత ఏమిటి? మా బెల్లంతో చేయకూడదా? (అనకాపల్లి నుంచి ఒక పాఠకుడు)

చేయొచ్చు తమ్ముడూ, చేసి మరీ చెబుతున్నాను. బెల్లం పిండిలో మాత్రం కలపకండి, లోపల ఉడికే లోపే పైన నల్లబడుతుంది. పాకం పట్టండి. గవ్వలకు పట్టినంత ముదరనక్కరలేదు, తీగ పాకం చాలు. దాంట్లో దాల్చినచెక్క మానేసి శొంఠి, యాలకులు వేయండి. వేడి చక్రాన్ని ఒక పక్క ముంచి తీసి వెంటనే తినాలి. బెల్లంలో గాలిలోని తేమను పీల్చే గుణం పంచదార కన్నా ఎక్కువ. మీ ఇంట్లో శ్రావణ మాసంలో బెల్లం దిమ్మ చెమర్చడం మీకు తెలియనిది కాదు. అందుకని డబ్బాలో పెట్టి పిల్లల హాస్టలుకు పంపే ఆలోచన ఉంటే మానుకోండి. రుచికి మాత్రం, డచ్చి పెద్దావిడ క్షమించాలి, పుల్లటి యాపిల్‌కు బెల్లం పాకమే బాగుంది.

ప్రశ్న: మాస్టారూ, మా ఇంట్లో గుడ్డు తినరు, పాలు నాకు పడవు. అయినా వస్తాయా? (పెందుర్తి నుంచి ఒక పాఠకుడు)

వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక మా వీధిలో కరెంటు లేదు, కుళాయి లేదు, పాల ప్యాకెట్టు కోసం తెల్లవారుజామున వరస. మా మలుపులో పళ్లు అమ్మే కుర్రాడి బండి బోల్తా పడి, ఒక పెట్టె యాపిల్స్ దెబ్బతిన్నాయి. "ఇవి ఇంక ఎవరూ కొనరు, మీరు ఏమైనా చేస్తారా" అని తెచ్చి మా గుమ్మంలో పెట్టాడు. దెబ్బ తగిలిన చోట గోధుమ రంగు మచ్చ, పక్కన కండ గట్టిగానే ఉంది. మచ్చలు తీసేసి చక్రాలు కోశాను. సిలిండరులో గ్యాసు ఉంది, మైదా ఉంది, పాలు లేవు, తాగే నీళ్లు బిందెలో అడుగున ఉన్నాయి. వాటిని పిండికి వాడితే మా ఆవిడ ఊరుకోదు. పక్కింటి గోడ మీదికి ఒక కొబ్బరి చెట్టు ఒరిగి పడి ఉంది. దాని బొండాలు కొట్టి, ఆ నీళ్లతో పిండి కలిపాను.

కొవ్వొత్తి వెలుగులో రంగు కనబడక చప్పుడు విని దించాను. వేయగానే పెద్దగా ఉండే బుసబుస మెల్లగా తగ్గి, సన్నని చిటపటలోకి దిగుతుంది. తడి ఎగిరిపోయిందని గుర్తు అదే. ఆ రాత్రి వీధి వీధంతా మా అరుగు మీద తిన్నారు. కొబ్బరినీళ్లలో ఉన్న కొద్దిపాటి తీపికి పూత మంచి రంగు తిరిగిందని మర్నాడు పొద్దున మిగిలిన ఒకే ఒక్కటి చూశాక తెలిసింది.

కాబట్టి పాలకు బదులు 150 మి.లీ. కొబ్బరినీళ్లు పోయండి. అవీ లేకపోతే చల్లటి సోడా. ఉత్త నీళ్లయినా నడుస్తుంది, రంగు కాస్త తక్కువ వస్తుంది. వంట సోడా మాత్రం చేతికొచ్చినంత వేయవద్దు, సబ్బు రుచి వస్తుంది, నూనె పీలుస్తుంది.

ఇక చిన్న ఉత్తరాలు.

ఎయిర్ ఫ్రయ్యర్‌లో చేయవచ్చా అని మురళీనగర్ నుంచి ఒకరు. ఈ పిండి గట్టిపడే లోపే జాలీలోంచి కారి అడుగున చేరుతుంది, తర్వాత దాన్ని గీకే పని మీదే. అందులో యాపిల్ చక్రాలకు వెన్న, దాల్చినచెక్క రాసి కాల్చుకోండి. బాగుంటుంది, దాన్ని ఫ్రిట్టర్ అని మాత్రం పిలవకండి.

చక్కెర వ్యాధి ఉంది, ఎన్ని తినవచ్చు అని డాబాగార్డెన్స్ నుంచి ఒక పెద్దాయన. అయ్యా, వంద గ్రాముల యాపిల్‌లోనే పది గ్రాముల చక్కెర, పైన మైదా, ఆ పైన నూనె. మీ డాక్టరును అడగండి, నా చేతిలో ఉన్నది గరిటే.

అనాసతో చేయవచ్చా అని గోపాలపట్నం నుంచి ఒకరు. చేయవచ్చు, ఊట యాపిల్ కన్నా ఎక్కువ కనుక ఇంకా గట్టిగా అద్దండి. పాలతో కలిపిన పిండిలో అనాస ముక్కలు నానబెట్టవద్దు, పాలు చేదెక్కుతాయి. ముంచడం, వేయడం వెంటవెంటనే జరగాలి.

మిగిలిన నూనె ఏం చేయాలని చాలామంది అడిగారు. చల్లారాక గుడ్డలో వడగట్టండి, మాడిన పిండి తుంపులు అందులో ఉంటే నూనె తొందరగా చెడుతుంది. రెండు మూడు రోజుల్లో మళ్లీ ఒకసారి తీపి వేపుడుకే వాడి, పారేయండి. కారం వంటలకు వాడవద్దు, దాల్చినచెక్క వాసన అందులోంచి పోదు. నేనొకసారి పొదుపుకు పోయి, ఫిషింగ్ హార్బరు నుంచి తెచ్చిన వంజరం ముక్కలు ఆ నూనెలోనే వేయించాను. మా ఆవిడ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, కాసేపు నమిలి, "ఈ చేప క్రిస్మస్‌కు ఎవరింటికైనా వెళ్లొచ్చిందా" అని అడిగింది.